ఒంటె, రివర్ రెడ్ గమ్ చెట్టు: నీటి పొదుపులో ఈ రెండింటినీ ఏ కొలతతో పోల్చాలి?

బయాలజీ_సెమినార్

నమస్కారం అండీ. ఎడారిలో బతికే ఒక క్షీరదాన్నీ ఒక యూకలిప్టస్ జాతినీ తీసుకుని, నీటి విషయంలో పోల్చే సెమినార్ పత్రం రాస్తున్నాను. జంతువు ఒంటి మూపురం ఒంటె. చెట్టు రివర్ రెడ్ గమ్, అంటే యూకలిప్టస్ కమాల్డ్యులెన్సిస్. మధ్య ఆస్ట్రేలియాలో ఇప్పుడు రెండూ ఒకే నేల మీద ఉన్నాయి కాబట్టి ఈ జంటను ఎంచుకున్నాను. చెట్టు అక్కడిదే. ఒంటెను 19వ శతాబ్దంలో సరుకుల రవాణా కోసం తెచ్చారు. మోటారు బళ్లు వచ్చాక వదిలేస్తే అడవిలో మందలుగా పెరిగింది.

ఇంతవరకు జతలు ఇలా వేసుకున్నాను: మూపురానికి జతగా లోతు వేరు, బొచ్చుకు జతగా ఆకు మీది మైనపు పూత, చెమటకు జతగా బాష్పోత్సేకం (ఆకుల నుంచి నీరు ఆవిరై పోవడం), మూత్రపిండానికి జతగా పత్రరంధ్రం (వాయువులు వచ్చిపోయే ఆకు మీది సన్నటి రంధ్రం).

తర్వాత ఒక లెక్క కట్టాను. 500 కిలోల ఒంటె రోజుకు 10 లీటర్లు పోగొట్టుకుంటుందనుకుంటే కిలోకు 20 మిల్లీలీటర్లు. 2 టన్నుల చెట్టు రోజుకు 100 లీటర్లు వదులుతుందనుకుంటే కిలోకు 50 మిల్లీలీటర్లు. దీన్నిబట్టి ఒంటె రెండున్నర రెట్లు మెరుగని రాయవచ్చా? మూపురంలోని కొవ్వు కరిగి నీరవుతుందన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు? అసలు ఈ లీటర్లను ఒంటెలోనూ చెట్టులోనూ ఎలా కొలుస్తారు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

పత్రరంధ్రం

కిలోకు ఇన్ని మిల్లీలీటర్లన్న లెక్కను ముందు తీసేయండి. ఒంటె బరువులో చాలావరకు బతికున్న కణజాలమే. పెద్ద చెట్టు బరువులో ఎక్కువ భాగం చేవ (కాండం లోపలి ముదురు కట్టె), అందులో బతికున్న కణం ఉండదు, నీరూ నడవదు. చెట్టు ముసలిదయ్యేకొద్దీ చేవ పెరుగుతుంది. అప్పుడు మీ లెక్క ప్రకారం అదే చెట్టు ఏటా ‘మెరుగు’ అవుతూ పోతుంది, దాని ఆకులు ఒక్క చుక్క ఆదా చేయకపోయినా సరే.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. రెండూ నీటిని పోగొట్టుకునేది ఒకే కారణానికి కాదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అంటే పది లక్షల అణువుల్లో 2,10,000. కార్బన్ డయాక్సైడ్ సుమారు 420. ఒంటెకు కావలసిన వాయువు చెట్టుకు కావలసిన వాయువుకన్నా 500 రెట్లు దండిగా ఉంది. తడి పొర తెరవకుండా వాయువును లోపలికి తీసుకోవడం రెండింటికీ కుదరదు. కాకపోతే దండిగా ఉన్న వాయువు కోసం కొంచెం తెరిస్తే చాలు, పలచగా ఉన్నదాని కోసం చాలాసేపు, చాలా వైశాల్యం మీద తెరవాలి. మీ పత్రానికి వెన్నెముక ఇదే కావాలి.

అంకెల్లో చూద్దాం. చెట్టుతో మొదలుపెడతాను. ఆకు లోపలి ఖాళీల్లో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలోని దానిలో సుమారు 65 శాతం ఉంటుందనుకోండి, సీ3 మొక్కలకు (చెట్లతో సహా ఎక్కువ మొక్కలు ఈ రకమే) ఇది మామూలే. లోపలికి నడిపించే తేడా 420లో 35 శాతం, అంటే 147. నీటి ఆవిరి బయటికి రావడానికి కారణమయ్యే తేడా గాలి పొడితనాన్ని బట్టి మారుతుంది. నీటి అణువు తేలిక కాబట్టి 1.6 రెట్లు చురుగ్గా విస్తరిస్తుంది.

ఉదయం 22 డిగ్రీలు, గాలిలో తేమ 45 శాతం: ఆవిరి పీడన లోటు (గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే కొలత) 1.45 కిలోపాస్కల్. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు 158 నీటి అణువులు ఖర్చు.

మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 15 శాతం: లోటు 6.3 కిలోపాస్కల్. అదే ఒక్క అణువుకు 686.

ఈ లెక్కలో ఆకు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతతో సమానమని అనుకున్నాను. ఆకు అంతకన్నా వేడెక్కితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. అయినా విషయం అర్థమవుతుంది: అదే సరుకు మధ్యాహ్నానికి నాలుగు రెట్లకు పైగా ప్రియం. నేల ఎండిన చోట ఈ చెట్టు పొద్దున తొందరగా తెరిచి మధ్యాహ్నం మూసుకోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒంటె. 500 కిలోల జంతువు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తిని మామూలు క్షీరద సూత్రంతో కడితే రోజుకు సుమారు 7,400 కిలోకేలరీలు, దానికి దాదాపు 1,540 లీటర్ల ఆక్సిజన్ కావాలి. పీల్చిన గాలిలో 5 శాతం ఘనపరిమాణం మేరకు ఆక్సిజన్‌ను తీసుకోగలదనుకుంటే రోజుకు 31 ఘనమీటర్ల గాలి సరిపోతుంది. ఊపిరి 37 డిగ్రీల దగ్గర పూర్తి తేమతో బయటికొస్తే ఘనమీటరుకు 44 గ్రాముల నీరు. లోపలికి వచ్చే పొడి గాలిలో 8 గ్రాములుంటే నికర నష్టం రోజుకు 1.1 లీటరు. అంతే. మొత్తం శ్వాస ఖర్చు అది.

ఒంటె తినే మేతను కూడా లెక్కలోకి తీసుకోండి. ఆవిరి పీడన లోటు 3 కిలోపాస్కల్ అనుకుంటే ఒక కార్బన్ అణువుకు 327 నీటి అణువులు, అంటే కిలో పిండిపదార్థం తయారు చేయడానికి సీ3 మొక్కకు దాదాపు 200 లీటర్లు. ఒంటె రోజుకు 8 కిలోల ఎండు మేత తింటే, ఆ మేత వెనక కనీసం 1,600 లీటర్ల బాష్పోత్సేకం ఉంది. కార్బన్ కోసం కట్టాల్సిన నీటి పన్నును మొక్క ముందే కట్టేసింది. ఒంటె పొదుపు నిజమైనదే. కానీ ‘చెట్టు దుబారా, ఒంటె పొదుపు’ అని రాస్తే ఈ 1,600 లీటర్లను దాచిపెట్టినట్టవుతుంది.

మూపురం_లెక్క

పత్రరంధ్రం గారు శ్వాసను తేల్చేశారు కాబట్టి నేను అక్కడి నుంచే అందుకుంటాను. మీ మూపురం ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

మూపురంలో ఉండేది కొవ్వు, నీటి తిత్తి కాదు. 1 గ్రాము కొవ్వు పూర్తిగా ఆక్సీకరణం చెందితే 1.07 గ్రాముల నీరు వస్తుందన్నది నిజమే. దాన్ని పట్టుకునే ఈ ప్రచారం నడుస్తోంది. 30 కిలోల కొవ్వు కరిగితే 32 లీటర్లు. కానీ దానికి గ్రాముకు 2 లీటర్ల చొప్పున 60,000 లీటర్ల ఆక్సిజన్ కావాలి. పై లెక్క ప్రకారం 1,200 ఘనమీటర్ల గాలి పీల్చాలి. 37 డిగ్రీల తడి ఊపిరైతే ఘనమీటరుకు 36 గ్రాముల చొప్పున 43 లీటర్లు పోతాయి. వచ్చింది 32, పోయింది 43.

ఇంకో కోణంలోనూ కొవ్వు ఓడిపోతుంది. శక్తి అవసరం ఎలాగూ ఉంటుంది కాబట్టి గ్రాముకు కాదు, కేలరీకి చూడాలి. 1,000 కిలోకేలరీలకు కొవ్వు 114 గ్రాముల నీరిస్తే పిండిపదార్థం 133 గ్రాములిస్తుంది. నీటి కోసమే అయితే కొవ్వు దాచుకోవడం దండగ. మూపురం శక్తి నిల్వ. ఆ కొవ్వు ఒళ్లంతా పరుచుకోకుండా వీపు మీద ఒకచోటే ఉండటం వల్ల మిగతా చర్మం నుంచి వేడి సులువుగా బయటికి పోతుందన్న వివరణ కూడా ఉంది. అందుకని మీరు వేసిన ‘మూపురం – లోతు వేరు’ జత నిలవదు. వేరు నీటిని తెచ్చే దారి, మూపురం ఆకలికి దాచిన సరుకు.

అయితే ఒంటె ఊపిరి 37 డిగ్రీల దగ్గర బయటికి రాదు, ముఖ్యంగా రాత్రుళ్లు. ముక్కు లోపల చుట్టలు తిరిగిన పలచటి ఎముకల మీద తడి పొర చాలా వైశాల్యంలో పరుచుకుని ఉంటుంది. లోపలికి వచ్చే పొడి గాలి ఆ పొరను చల్లబరుస్తుంది. బయటికి వెళ్లే వెచ్చటి గాలి అదే చల్లటి పొర మీదుగా పోతూ తేమను వదిలేస్తుంది. ఊపిరి 25 డిగ్రీలకు చల్లబడితే ఘనమీటరుకు 23 గ్రాములే మోస్తుంది. రోజుకు 1.1 లీటరన్న నష్టం అర లీటరుకు దిగుతుంది. నీళ్లు దొరక్క ఎండిన ఒంటెలో రాత్రిపూట ఊపిరి ఆ ఉష్ణోగ్రతకు కూడా పూర్తి తేమతో ఉండదు, పొర మీద ఎండిన స్రావాలు తేమను పీల్చుకుంటాయి. దీనికి చెట్టులో జత వెతకొద్దు, లేదు. ఆకు రంధ్రం దాటిన ఆవిరిని వెనక్కి పట్టే ఏర్పాటు ఏ యూకలిప్టస్‌కూ లేదు.

మీరు తప్పకుండా రాయాల్సింది ఒంట్లో వేడి దాచుకోవడం గురించి. జంతు శరీరధర్మ శాస్త్రవేత్త క్నూట్ ష్మిట్-నీల్సన్ బృందం 1953–54లో అల్జీరియా సహారాలోని బెనీ అబ్బెస్‌లో కొలిచిన విషయం ఇది. నీళ్లు తాగే ఒంటె శరీర ఉష్ణోగ్రత రోజులో సుమారు 2 డిగ్రీలు మారుతుంది. నీళ్లు ఆపేస్తే తెల్లవారుజామున 34–35కి దిగి, సాయంత్రానికి 40 దాటుతుంది. 500 కిలోలు, 6 డిగ్రీలు, కిలోకు 0.8 కిలోకేలరీ: 2,400 కిలోకేలరీల వేడిని చెమటతో పంపకుండా లోపలే ఉంచి, రాత్రి చల్లటి ఆకాశానికి ఉచితంగా వదిలేస్తుంది. లీటరు చెమటకు 580 కిలోకేలరీల చొప్పున రోజుకు 4 లీటర్ల ఆదా. ఒళ్లు వేడిగా ఉంటే బయటి గాలికీ ఒంటికీ మధ్య తేడా తగ్గి, లోపలికి చొరబడే వేడి కూడా తగ్గుతుంది, అది అదనం.

బొచ్చు విషయంలో మీ జత కొంత నయం కానీ, మైనం చేసే పని వేరు. బొచ్చు ఎండను బయటే ఆపుతుంది, చెమట మాత్రం చర్మం మీదే ఆవిరవుతుంది కాబట్టి చల్లదనం ఒంటికే దక్కుతుంది. అదే అధ్యయనంలో బొచ్చు కత్తిరించిన ఒంటె దాదాపు సగం ఎక్కువ నీరు పోగొట్టుకుంది. చెట్టులో ఆ పని చేసేది ఆకు వేలాడే తీరు: నిలువుగా వేలాడుతుంది కాబట్టి నడినెత్తి ఎండకు అంచు మాత్రమే తగులుతుంది. బొచ్చుకు జతగా మైనాన్ని కొట్టేసి దీన్ని పెట్టండి.

మూత్రపిండం గురించి ఒక్క మాట: ఒంటె మూత్రం సముద్రపు నీటికన్నా రెండున్నర రెట్లకు పైగా గాఢతకు చేరగలదు, పరిమాణం రోజుకు లీటరుకు అటూ ఇటూగా పడిపోతుంది. పత్రరంధ్రం వాయువుల ద్వారం, మూత్రపిండం వ్యర్థాల వడపోత. ఆ రెంటినీ జతచేయడానికి ఆధారం లేదు.

బయాలజీ_సెమినార్

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ కృతజ్ఞతలు. జతలన్నీ మళ్లీ వేసుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. ఆకు కూడా ఒంటెలాగా పగలు వేడిని దాచుకుని రాత్రి వదలవచ్చు కదా, ఎందుకు చేయదు? అలాగే, కిలో లెక్క పోతే దేన్ని దేనితో కొలవాలి?

పత్రరంధ్రం

మొదటిదానికి చిన్న లెక్క. చదరపు మీటరు ఆకులో 300 గ్రాముల నీరుందనుకోండి. నికరంగా 300 వాట్ల వేడి చేరితే ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరగడానికి పట్టేది సుమారు 4 సెకన్లు. ఒంటెకు 6 డిగ్రీలు పెరగడానికి పగలంతా పడుతుంది. దాచుకునే ద్రవ్యరాశే ఆకుకు లేదు, వచ్చిన వేడిని వచ్చినట్టు గాలికో ఆవిరికో అప్పజెప్పాలి. పలచగా ఉంటేనే వెలుతురూ కార్బన్ డయాక్సైడూ లోపలి కణాలన్నిటికీ అందుతాయి. కాబట్టి ఆకు లావెక్కి ఒంటె పద్ధతి పట్టే దారి లేదు. సన్నగా ఉండటం, వేలాడటం, గాలికి కదలడం: ఈ మూడింటితోనే ఎక్కువ వేడిని గాలికి వదులుతుంది.

రెండోదానికి వేరు_లోతు గారు వస్తే బాగుంటుంది, క్షేత్రంలో కొలతలు తీసేది వారే.

వేరు_లోతు

కొలతలకు ముందు ఒక సవరణ. పత్రరంధ్రం గారు చెప్పిన మధ్యాహ్నపు మూత ప్రతి రెడ్ గమ్‌కూ వర్తించదు. మధ్య ఆస్ట్రేలియా పట్టణమైన ఆలిస్ స్ప్రింగ్స్‌లో టాడ్ నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిన ఇసుకే, అయినా ఆ ఇసుకలో పెద్ద పెద్ద రెడ్ గమ్‌లు పచ్చగా నిలబడి ఉంటాయి. ఇసుక కింద నీరుంది, వేళ్లు దానిలో ఉన్నాయి. వేరు నీటిమట్టాన్ని తాకిన చెట్టు మధ్యాహ్నం కూడా గణనీయంగా వదులుతుంది. అదే జాతి వాగుకు దూరంగా, మట్టి తేమ మీదే ఆధారపడితే వేరే చెట్టులా ప్రవర్తిస్తుంది. రెడ్ గమ్ ఎడారిలో పెరుగుతుంది కానీ ఎడారి కరువును చాలాచోట్ల తప్పించుకునే చెట్టు. ఒంటె కరువును ఒంట్లో భరించే జంతువు. ఈ తేడా రాయకుండా చెట్టు పేరు మాత్రం రాస్తే పోలిక తేలిపోతుంది. చెట్టు ఏ నీరు తాగుతోందో ముందు తేల్చండి.

దానికి పద్ధతి నీటిలోని బరువైన ఐసోటోపులు, అంటే అవే మూలకాల బరువైన రూపాలు: హైడ్రోజన్‌లో డ్యుటీరియం, ఆక్సిజన్‌లో ఆక్సిజన్-18. కొంత ఆవిరై మిగిలిన వాగు నీటిలో ఇవి పోగవుతాయి, భూగర్భజలంలో తక్కువ. వేరు నీటిని పీల్చేటప్పుడు ఈ నిష్పత్తి మామూలుగా మారదు కాబట్టి కొమ్మలోని నీరు మూలాన్ని చెబుతుంది. వేలు లావున్న, బెరడు గోధుమరంగుకు తిరిగిన ముదురు కొమ్మ తీసుకోవాలి. లేత పచ్చి కొమ్మలో ఆకు వైపు నుంచి బరువైన నీరు కలిసి ఉంటుంది. బెరడునంతా వెంటనే ఒలిచేయాలి, బెరడులోని నీటి చరిత్ర వేరు. మిగిలిన కట్టెను మూత బిగిసే సీసాలో నిండుగా పెట్టి, మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి, చల్లటి పెట్టెలో ఉంచాలి. సీసాలో సగం ఖాళీ వదిలితే ఆ ఖాళీలోకే ఆవిరై కొలత చెడుతుంది. అదే రోజు వాగు నీరు, బోరు నీరు, మట్టి వేర్వేరు లోతుల్లో, అన్నీ తీసుకోవాలి.

యూకలిప్టస్‌తో వచ్చే ప్రత్యేక సమస్య: కట్టె నుంచి తీసిన నీటిలో తైలాలూ ఆల్కహాళ్లూ కలిసి వస్తాయి. లేజర్ ఐసోటోప్ పరికరం వాటిని నీరనుకుని తప్పు అంకె ఇస్తుంది. ఆ నమూనాలను, అణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూపించాలి, లేదా పరికరంలోని కాలుష్య సూచికను చూసి చెడ్డవాటిని తీసేయాలి. వాగు ఒడ్డునే ఉన్న చెట్టు వాగు నీరే తాగుతుందని అనుకోకండి. ముర్రే నది పక్క చొవిల్లా వరదమైదానంలో ఇలాగే కొలిస్తే, ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉన్న రెడ్ గమ్‌లు మట్టిలోని నీటినీ భూగర్భజలాన్నీ వాడుకుంటున్నట్టు తేలింది.

ఇప్పుడు లీటర్లు. చెట్టుకు వేడి నిష్పత్తి పద్ధతి వాడండి. కట్టెలో ఒక హీటర్ సూది, దానికి 0.6 సెంటీమీటర్ల పైన ఒకటి, అంతే కింద ఒకటి ఉష్ణోగ్రత సూదులు. చిన్న వేడి పల్స్ ఇచ్చాక పై సూది పెరుగుదలను కింది సూది పెరుగుదలతో భాగించి, దాని సహజ సంవర్గమానాన్ని తీసుకోవాలి. దాన్ని కట్టె ఉష్ణ వ్యాపన గుణకంతో గుణించి, 0.6తో భాగిస్తే వేడి పల్స్ వేగం వస్తుంది. పచ్చి కట్టెకు గుణకాన్ని మామూలుగా సెకనుకు 0.0025 చదరపు సెంటీమీటర్లుగా తీసుకుంటారు. ఈ పద్ధతి మెల్లటి ప్రవాహాన్నీ వెనక్కి నడిచే ప్రవాహాన్నీ పట్టగలదు. రాత్రిపూట వేరులో నీరు తడి పొర నుంచి పొడి పొరకు నడిచే చెట్లలో ఇది ముఖ్యం.

చెడే చోట్లు మూడు. సూదులు సమాంతరంగా దిగకపోతే ప్రవాహం లేనప్పుడు కూడా అంకె వస్తుంది. అందుకే డ్రిల్‌కు లోహపు గైడు వాడాలి, చివర్లో కుదిరితే కాండంలో ప్రవాహాన్ని ఆపి సున్నా సరిచూడాలి. రెండోది, సూది చుట్టూ గాయమైన కట్టెలో నాళాలు మూసుకుపోయి వేగం తక్కువగా కనిపిస్తుంది, గాయం వెడల్పు కొలిచి దిద్దుబాటు వేయాలి. మూడోది అన్నిటికన్నా పెద్దది: రసదారువు (చేవకు బయట, నీరు నడిచే కట్టె) మందం. బెరడు తీశాక 40 సెంటీమీటర్ల వ్యాసమున్న కాండంలో రసదారువు 2.5 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 295 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 4 సెంటీమీటర్లని పొరబడితే 452. సగటున గంటకు 10 సెంటీమీటర్ల రస ప్రవాహం పది గంటలు నడిస్తే మొదటిది 29 లీటర్లు, రెండోది 45. సెన్సర్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పును సరిచేయలేదు. బోరర్‌తో కోర్ (కాండంలోంచి సన్నటి కట్టె కడ్డీ) తీసి, పచ్చిగా ఉండగానే వెలుతురుకు పట్టి చూడండి. రెడ్ గమ్ చేవ ఎర్రగా ఉంటుంది కాబట్టి హద్దు చాలావరకు కనబడుతుంది. అనుమానమొస్తే రంగు ద్రావణం పూసి చూడాలి. చెట్టుకు కనీసం రెండు దిక్కుల్లో కోర్ తీయండి, మందం అన్ని వైపులా ఒకేలా ఉండదు.

మూపురం_లెక్క

ఒంటెకు లీటర్లు కొలిచే దారి కూడా ఐసోటోపే. తూకం వేసిన డ్యుటీరియం నీటిని రక్తనాళంలోకి ఎక్కించి, ఒళ్లంతా కలిశాక రక్తం తీసి, ఎంత పలచబడిందో చూస్తే ఒంట్లో మొత్తం నీరు తెలుస్తుంది. నెమరువేసే జంతువులకు పొట్టలోనే చాలా నీరుంటుంది, అందులో కలవడానికి గంటల సమయం పడుతుంది. తొందరపడి రక్తం తీస్తే గాఢత ఎక్కువగా కనిపించి, నీరు తక్కువని తేలుతుంది. ఆ తర్వాత కొన్ని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ తీసి, గాఢత సగానికి పడే కాలం కనుక్కోవాలి. ఉదాహరణకు 325 లీటర్ల ఒంటె, సగపడే కాలం 15 రోజులైతే: 0.693ను 15తో భాగించి 325తో గుణిస్తే రోజుకు 15 లీటర్ల మారకం. అంటే ఒక నీటి అణువు సగటున 22 రోజులు ఒంట్లో ఉంటుంది.

మీకు కావలసిన మొదటి కొలత ఈ ‘నీరు ఎన్నాళ్లు ఉంటుంది’ అన్నదే. చెట్టులో డ్యుటీరియం నీటిని కాండంలోకి ఎక్కించి ఆకుల్లో ఎప్పుడు తగ్గుతుందో చూసి దీన్ని అంచనా వేయవచ్చు. యూనిట్ రెండింటికీ రోజులే కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది.

రెండో కొలత: ఎంత పోగొట్టుకుని తిరిగి కోలుకోగలదు. ఒంటె శరీర బరువులో 25 శాతం దాకా నీరు పోయినా బతుకుతుంది, వేడి ఎడారిలో మనిషి అందులో సగం దగ్గరే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. కిటుకు, నీరు ఎక్కడి నుంచి పోతుందన్నదాంట్లో ఉంది. నీరు ఎక్కువగా కణజాలం నుంచీ పొట్ట నుంచీ పోతుంది. రక్తపు ప్లాస్మా తగ్గుదల పదో వంతుకు అటూ ఇటూగా ఆగుతుంది. రక్తం చిక్కబడితే గుండె దాన్ని చర్మం దాకా తోయలేదు, లోపలి వేడి బయటికి రాదు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకి జంతువు చనిపోతుంది. ఒంటె కాపాడుకునేది ఆ ప్రసరణను. నీళ్లు దొరికితే పది నిమిషాల్లో 100 లీటర్ల దాకా తాగేయగలదు. కోడిగుడ్డు ఆకారపు ఎర్ర రక్తకణాలు మామూలు పరిమాణానికి రెట్టింపు దాటి ఉబ్బినా పగలవు.

వేరు_లోతు

అసలు జత ఇప్పుడు దొరికింది: ప్లాస్మాకు జత దారువులోని నీటి తీగ, అంటే వేరు నుంచి ఆకు దాకా కట్టె నాళాల్లో తెగకుండా నిలిచే నీటి వరుస.

చెట్టులో నీరు తోపుతో కాదు, లాగుడుతో ఎక్కుతుంది. నేల ఎండేకొద్దీ లాగుడు పెరుగుతుంది, ఒక హద్దు దాటితే నాళంలోకి గాలి చొరబడి తీగ తెగుతుంది. నాళాలు వరసగా తెగితే పైనున్న ఆకులకు నీరందదు. రెడ్ గమ్ చేసే పని ఆకులు రాల్చడం, కరువు ముదిరితే కొమ్మలనే ఎండబెట్టుకోవడం. వదిలే వైశాల్యం తగ్గితే కాండంలో లాగుడు సడలుతుంది. పై కొమ్మలు ఎండిన రెడ్ గమ్‌ను చూసి చచ్చిపోయిందని రాయకండి. బెరడు కింది మొగ్గలు వర్షం తర్వాత కాండం మీదే కొత్త రెమ్మలు వేస్తాయి. రాల్చేముందు ఆకులోని నత్రజనిలో కొంత వెనక్కి తీసుకుంటుంది. మేతలో మాంసకృత్తులు తక్కువైనప్పుడు ఒంటె యూరియాను మూత్రంలో పోనివ్వకుండా పొట్టలోకి తిప్పి సూక్ష్మజీవులకు అందిస్తుంది కదా, ఆ పక్కన దీన్ని పెట్టవచ్చు.

కోలుకునే వేగంలో మాత్రం రెండూ చాలా దూరం. ఒంటెకు నిమిషాల్లో తాగడం, గంటల్లో సర్దుకోవడం. గాలి చొరబడిన నాళాలు చాలావరకు పనికిరావు, చెట్టు కొత్త కట్టె పెంచుకోవాలి, దానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. అందుకే ఒంటెకు కొలత ‘ఎంత శాతం పోయింది’ అయితే, చెట్టుకు కొలత లీటర్లు కాదు, లాగుడు ఎంత అన్నది.

దాన్ని ప్రెషర్ చాంబర్‌తో కొలుస్తారు. 1965లో ఈ పరికరాన్ని అడవుల్లోకి తీసుకెళ్లి ప్రసిద్ధం చేసిన పెర్ షోలాండర్ అంతకుముందు నీటిలో మునిగే క్షీరదాల శ్వాస మీద పనిచేసినవాడు, మీ అంశానికి తగిన మనిషి. తెల్లవారకముందే కొలవాలి, రాత్రంతా రంధ్రాలు మూసి ఉండటంతో చెట్టు, వేళ్ల దగ్గరి నేల దాదాపు సమతుల్యంలో ఉంటాయి. రెమ్మను కోసేముందే ప్లాస్టిక్ సంచి తొడగండి. ఒకే కోత, మళ్లీ కత్తిరించొద్దు. ఆకులు లోపల, కోసిన కొన బయట ఉండేలా రబ్బరు మూతలో బిగించి, నైట్రోజన్ పీడనాన్ని మెల్లగా పెంచుతూ భూతద్దంతో కొనను చూడాలి. కొనంతా ఒక్కసారి తడిసి మెరిసిన క్షణంలో పీడనం రాసుకోవాలి. యూకలిప్టస్‌లో ముందుగా బెరడు అంచు నుంచి బుడగలూ జిగురూ వస్తాయి, దాన్నే ముగింపు అనుకుంటే చెట్టు నిజంగా ఉన్నదానికన్నా తడిగా ఉందని తేలుతుంది. కొనకు ఒకటి రెండు సెంటీమీటర్ల బెరడు ఒలిస్తే ఈ గందరగోళం తగ్గుతుంది. కన్నును కొనకు నేరుగా పైన పెట్టకండి, పక్క నుంచి చూడండి. రెమ్మ జారితే తూటాలా వస్తుంది.

తెల్లవారుజాము అంకె, మధ్యాహ్నపు అంకె పక్కపక్కన రాయండి. నీటిమట్టాన్ని తాకిన చెట్టుకు తెల్లవారుజామున లాగుడు బాగా తక్కువ, మధ్యాహ్నానికి దూకుతుంది. నేల తేమ అయిపోయిన చెట్టుకు తెల్లవారుజామునే ఎక్కువ, పగలు పెద్దగా మారదు. ఒంటె పక్కన పెట్టాల్సింది ఈ రెండో రకం చెట్టును. నీళ్లు అందుతున్న చెట్టును తీసుకుంటే, ఎదురుగా రోజూ తాగే ఒంటెనే పెట్టాలి, అప్పుడు దాని ఉష్ణోగ్రత మార్పు 6 డిగ్రీలని రాయకూడదు, 2 అని రాయాలి.

బయాలజీ_సెమినార్

అర్థమైందండీ. రెండు జంటలుగా విడదీస్తున్నాను: నీళ్లందే ఒంటెకు ఎదురుగా నీటిమట్టం తాకిన చెట్టు, నీళ్లాగిన ఒంటెకు ఎదురుగా నేల తేమ అయిపోయిన చెట్టు. నిలువు వరుసలు మూడు: నీరు ఒంట్లో ఉండే రోజులు, కోలుకోగల హద్దు, హద్దు దాటితే మొదట తెగేది ఏది. మేత వెనకున్న 1,600 లీటర్లకు వేరే పేరా పెడతాను.

పత్రరంధ్రం

ఆ పేరాలో ‘సీ3 మొక్క, లోటు 3 కిలోపాస్కల్’ అన్న షరతులు తప్పక రాయండి. ఒంటె ఉప్పుచెట్టు పొదలూ సీ4 గడ్డీ (తక్కువ నీటితో కార్బన్ పట్టే రకం) మేస్తే ఆ అంకె దాదాపు సగానికి పడుతుంది.